పచ్చి దూలానికి నాలుగు బోల్టులు

కుదురు అనే మాటకూ పెద్దబోల్టుకూ పుట్టినప్పటి నుంచీ పడదు. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఆడుతుంది. నిలబడితే మడమలు లేస్తాయి. పడుకుంటే వేళ్లు దుప్పటి మీద ఏవో గీతలు గీస్తూనే ఉంటాయి. "ఈయన ఇంట్లో ఉన్నాడో లేడో తెలియాలంటే చెప్పులు వెతకక్కర్లేదు, చెవి పెట్టి వింటే చాలు" అంటుంది భార్య. యాభై దాటినా ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడు మానలేదు.

ఇనుప కట్టడాలు చేసే వర్క్‌షాపులో డ్రాయింగులు గీయడం ఆయన పని. షెడ్లు, మెట్లు, నీళ్ల ట్యాంకుల కాళ్లు, ఫ్యాక్టరీ కప్పులు. ఏ అతుకు దగ్గర అనుమానం వచ్చినా "ఇంకో బోల్టు తగిలించండి, పోయేదేముంది?" అనేవాడు. ఆ మాట వినీ వినీ షాపులో వాళ్లు ఆయనకు ఆ పేరే ఖాయం చేశారు. ఎదురుగా బోల్టుగారు, చాటున పెద్దబోల్టు. ఆయన గీసిన షెడ్లు గాలివానలకు నిలిచాయి కాబట్టి ఆ పేరులో వెటకారం ఎంతో గౌరవమూ అంతే.

ఆయనకున్న బాధల్లా ఒక్కటే. గీసేది తను, కింద సంతకం పెట్టేది పట్టా ఉన్న వేరే ఇంజనీరు. ఆ సంతకం చూసినప్పుడల్లా ఎవరో తన కంచంలో చెయ్యి పెట్టినట్టుండేది. అందుకే తోటివాళ్లు మోకాళ్ల నొప్పుల గురించి కబుర్లు చెప్పుకునే వయసులో ఆయన సాయంకాలం ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. కోడలు అదే కాలేజీలో పాఠాలు చెబుతుందని తెలుసు. కానీ మూడేళ్లు తప్పించుకున్న గండం ఈసారి నెత్తిన పడింది. 'కలప, ఉక్కు నిర్మాణాల డిజైన్' అనే పేపరు చెప్పడానికి ఆమె తప్ప వేరే దిక్కు లేదు.

ఇంట్లో "అమ్మాయ్, నా కళ్లజోడు చూశావా?" అనే మనిషి క్లాసులో లేచి నిలబడి "మేడం, ఒక డౌటు" అనాలి. ఇంట్లో "మావయ్యగారూ" అని పిలిచే పిల్ల క్లాసులో "వెనక మాట్లాడుతున్నది ఎవరు?" అనాలి. మాట్లాడుతున్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆమె మొదటిరోజే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి "మావయ్యగారి పేపరు నేను దిద్దను, వేరే ఎవరికైనా ఇవ్వండి" అని చెప్పి వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కొడుకు మాత్రం ఈ గొడవలోకి రాలేదు. "నాకు ఇద్దరూ కావాలి" అని డ్యూటీకి పారిపోయేవాడు.

"పెళ్లికి ముందు కోడలిపిల్లని మీరు ఎన్ని ప్రశ్నలు అడిగారు! ఇప్పుడు దాని వంతు. చెల్లుకు చెల్లు" అని భార్య నవ్వేది.

ఉక్కు పాఠాలు నడిచినన్నాళ్లూ ఆయనే రాజు. అడిగిన దానికీ అడగని దానికీ జవాబు ఆయన దగ్గరే. కలప మొదలయ్యేసరికి రాజుగారికి విసుగొచ్చింది.

"చెక్కదేముంది మేడం! ఇనుము దొరకనివాడి ఇనుము" అన్నాడు ఒకరోజు. క్లాసంతా గొల్లుమంది.

కోడలు కూడా నవ్వింది. నవ్వి, లాబ్ మూల నుంచి అప్పుడే కోసుకొచ్చిన పచ్చి కలప ముక్క ఒకటి తెచ్చింది. దానికి చెరోవైపు ఒక ఇనుప ప్లేటు. పై అంచు దగ్గర రెండు బోల్టులు, కింది అంచు దగ్గర రెండు. "బోల్టులు బిగించడంలో మీ తర్వాతే కదండీ ఎవరైనా. మీ చేత్తోనే బిగించండి" అంది. ఆయన చొక్కా చేతులు మడిచి, స్పానరు పట్టుకుని, పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. ఆమె దాన్ని కిటికీ గట్టు మీద ఎండ తగిలేచోట పెట్టింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఆమె ఆ ముక్కను తెచ్చి బల్ల మీద పెట్టింది. "దగ్గరికొచ్చి చూడండి" అంది.

పై బోల్టులకూ కింది బోల్టులకూ నడుమ, చెక్క మధ్యగా ఒక నల్లటి గీత. ఒక చివర మొదలై దాదాపు రెండో చివర దాకా పాకింది. చూపుడువేలి గోరు దూరేంత నెర్రె.

"ఎవరో కింద పడేసుంటారు మేడం" అన్నాడు పెద్దబోల్టు.

"ఎవరూ ముట్టుకోలేదండీ. ఆరింది, అంతే."

ఆమె సుద్దముక్కతో చెక్క మీద గీస్తూ చెప్పింది. "పచ్చి కలప ఆరేటప్పుడు పొడవులో పెద్దగా తగ్గదు. అడ్డంగా తగ్గుతుంది. ఇదీ అలాగే కుంచించుకుపోదామని చూసింది. కానీ పైన రెండు బోల్టులు, కింద రెండు బోల్టులు, వాటిని పట్టుకుని ఇనుప ప్లేటు. ప్లేటు కుంచించుకోదు కదా! పైవాళ్లు పైకి, కిందివాళ్లు కిందికి పట్టుకుని కూర్చున్నారు. నడుమ చెక్క రెండుగా చీలింది. మనం దాని మీద పిసరంత బరువు కూడా పెట్టలేదు, గుర్తుపెట్టుకోండి. ఇనుముని ఎటు లాగినా ఒకటే. చెక్కకి నార ఉంటుంది. నార వెంబడి లాగితే ఏనుగుని ఆపుతుంది. నారకి అడ్డంగా లాగారా, కట్టెలు కొట్టేవాళ్లకి తెలిసిన విద్యే, చీలిపోతుంది."

"బోల్టుగారు ఒక బోల్టు తక్కువ వేశారు మేడం, అదీ సంగతి!" అన్నాడు ముందు వరసలో కుర్రాడు. మళ్లీ నవ్వులు.

పెద్దబోల్టు నవ్వలేదు. చెక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ చీలిక రావడానికి ఎన్నాళ్లు పడుతుంది మేడం?"

"కలప ఎంత పచ్చిగా ఉంది, గది ఎంత పొడిగా ఉంది, దాన్ని బట్టి. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఎందుకండీ?"

"ఊరికే."

ఆమె బోర్డు వైపు తిరిగేసరికి ఆయన సంచీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆయన మనసంతా లైబ్రరీ మీదికి పోయింది. ఆ ఏడాది మొదట్లో ఊళ్లోని లైబ్రరీవాళ్లు చోటు చాలక, చదువుకునే హాలులో సగం మేరకు పైన ఒక గ్యాలరీ వేయించుకోవాలనుకున్నారు. పుస్తకాల అల్మరాలు పైన, బల్లలు కింద. స్తంభాలూ పెద్ద దూలాలూ ఇనుపవి, వాటి మధ్య పరిచే అడ్డ దూలాలు మాత్రం చెక్కవి కావాలన్నారు, చూడ్డానికి బావుంటుందని. పని ఆయన షాపుకే వచ్చింది. ఇనుప చట్రం డ్రాయింగు మీద ఇంజనీరు సంతకం పెట్టాడు. చెక్క దూలాల సంగతి ఆ ఇంజనీరు దాకా ఎవరూ తీసుకెళ్లలేదు. "చెక్కదేముంది" అని పెద్దబోల్టే ఒక మధ్యాహ్నం కూర్చుని గీసేశాడు. ప్రతి దూలం చివరా రెండు ఇనుప చెవులు, దూలాన్ని అటూ ఇటూ పట్టుకునే ప్లేట్లు. ప్రతి చెవికీ పై నుంచి కింది దాకా వరసగా నాలుగు బోల్టులు. ప్రారంభోత్సవం తేదీ ముంచుకొస్తోందని కలప ఆరకుండానే అడితి నుంచి నేరుగా దించారు. బోల్టులు బిగిస్తుంటే బెజ్జాల్లోంచి తడి ఉబికిన సంగతి ఆయనకు ఇప్పుడు గుర్తుకొచ్చింది. అప్పుడు ఆ తడిని వేలితో తుడిచి ప్యాంటుకు రాసుకున్నాడు.

ఆ పూట కంచం ముందు కూర్చుని రెండుసార్లు లేచాడు. "నీళ్లు కావాలా?" అంది భార్య. వద్దన్నాడు. మళ్లీ లేచాడు.

"క్లాసు మధ్యలో వెళ్లిపోయారేం మావయ్యగారూ? ఒంట్లో బావులేదా?" అని అడిగింది కోడలు.

"షాపులో పని గుర్తొచ్చిందమ్మాయ్."

అబద్ధమని ఆమెకు తెలిసింది. తెలిసినట్టు ఆయనకూ తెలిసింది. ఇనుము దొరకనివాడి ఇనుము అని అందరి ముందూ అన్న నోటితో, నేను ఇలా చేశానని ఆ పిల్లకు ఎలా చెప్పడం? చెప్పకుండా చూసి రావచ్చు, ఏమీ లేకపోతే అసలు చెప్పే పనే ఉండదు అనుకున్నాడు.

మర్నాడు లైబ్రరీ తలుపులు తీయకముందే గుమ్మంలో ఉన్నాడు. లైబ్రేరియన్ ఒక పొడుగాటి మనిషి. చప్పుడు చేసేవాళ్లను మాటతో కాక చూపుతో చంపుతుందని ఆమెకు పేరు. తాళం తీస్తూ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"ఏవండీ, మీరు గ్యాలరీ కట్టినాయనే కదూ? పుస్తకాలకొచ్చారా?"

"ఊరికే, ఒకసారి చూసిపోదామని వచ్చానమ్మా."

నిచ్చెన అడిగి తీసుకుని మొదటి దూలం కింద వేశాడు. కళ్లజోడు సవరించుకుని చూశాడు. చెక్క శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ. గుండె కాస్త కుదుటపడింది. అనవసరంగా కంగారుపడ్డాను, లాబ్‌లో ముక్కకీ ఇంత లావు దూలానికీ పోలికేమిటి అనుకుంటూ ఐదోదాని కింద నిచ్చెన జరిపాడు.

రెండో బోల్టుకూ మూడో బోల్టుకూ మధ్య, వెంట్రుక అతికించినట్టు ఒక గీత.

చెమట పట్టిన వేలితో తుడిచాడు. మురికైతే పోయేది. పోలేదు. దాని వెంట కళ్లు పరిగెత్తించాడు. ఇనుప చెవి దాటి, మూరెడు దూరం వెళ్లి, చెక్క రంగులో కలిసిపోయింది. దాని పక్క దూలానికి రెండు చివర్లా ఉంది. అక్కడ గోరు దూరింది. ఆ రెండు దూలాలకూ సరిగ్గా పైన ఉన్నవి నిఘంటువులూ చట్టం పుస్తకాలూ పేర్చిన అల్మరాలు. లైబ్రరీ మొత్తంలో వాటికంటే బరువైనవి లేవు.

అప్పటికే తలుపులు తెరుచుకున్నాయి. పేపరు కోసం రోజూ వచ్చే ముసలాయన నిచ్చెన పక్క నుంచే వెళ్లి దూలం కింది బల్ల దగ్గర కూర్చున్నాడు. పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలు నలుగురు కబుర్లాడుకుంటూ మెట్లెక్కి పైకి వెళ్లారు. వాళ్ల అడుగులు ఒక్కొక్కటీ తన తల మీదే పడుతున్నట్టు అనిపించింది ఆయనకు.

"అమ్మా, పైన కొన్నాళ్లు ఎవర్నీ రానివ్వకుండా ఉంటే..." అన్నాడు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి.

"ఎందుకని?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్న రిపేరు."

"చిన్న రిపేరుకి గ్యాలరీ మూసేస్తారా! పరీక్షల కాలమండీ ఇది. ఆదివారం సెలవు కదా, అప్పుడు చేసుకోండి. ఏదైనా ఉంటే మీ ఓనరుగారిని రాసివ్వమనండి."

ఆయన వర్క్‌షాపుకు పరుగు తీశాడు. ఓనరు వయసులో చిన్నవాడు, తండ్రి పోయాక షాపు చేతికొచ్చినవాడు. చెడ్డవాడు కాదు, కష్టాన్ని చూస్తే కళ్లు మూసుకునే రకం. చివరిదాకా విని "చెక్క అన్నాక నెర్రెలు ఉండవా బోల్టుగారూ? మా ఇంటి తలుపుకీ ఉంది. తలుపేం కూలిపోయిందా?" అన్నాడు.

"తలుపు మీద అల్మరాలు ఉండవు బాబూ."

"ప్రారంభోత్సవం చేసి ఏడాది తిరగలేదు. ఇప్పుడు మనమే వెళ్లి మాది పగిలిందీ అంటే రేపు మన గడప ఎవడు తొక్కుతాడు?" ఓనరు గొంతు తగ్గించాడు. "ఆదివారం మీరే వెళ్లి, చప్పుడు కాకుండా చివర ఇంకో రెండేసి బోల్టులు వేసి రండి. మీ మంత్రమే కదా అది!"

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. కానీ దాంతోపాటు ఒక దారీ కనబడింది. ఆదివారం, చప్పుడు కాకుండా. కోడలికి తెలియదు, క్లాసుకు తెలియదు, లైబ్రరీకి తెలియదు. బల్ల దగ్గర కూర్చుని కాగితం పరిచి, పాత బోల్టుల పక్కన కొత్తవి గీశాడు. గీసి చూసుకున్నాడు. లాబ్‌లో చీలిన ముక్క కళ్ల ముందుకొచ్చింది. దీనికి నేను ఇంకో రెండు బోల్టులు బిగించి ఉంటే ఏమయ్యేది? కాగితం చించాడు. ఇనుప పట్టీ చుట్టి బిగిద్దామని గీశాడు. అదీ సరైనదో కాదో తెలియదు. ముప్ఫై ఏళ్ల పనిలో, తను గీసిన గీత నిలుస్తుందో లేదో తనకే తెలియని పరిస్థితి ఆయనకు ఎప్పుడూ రాలేదు. కుర్చీ వెనక్కి తోసి షాపులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. వెల్డింగు చేసేవాళ్లు ముసుగులు ఎత్తి మరీ చూశారు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేశాడు. కోడలు సాయంత్రం క్లాసుకు ఏదో రాసుకుంటోంది. భార్య పక్కింటికి వెళ్లింది.

"అమ్మాయ్, ఒక డౌటు" అన్నాడు నిలబడే.

"క్లాసులో అడగొచ్చు కదా మావయ్యగారూ, అక్కడైతే పదిమందికీ ఉపయోగం" అంది ఆమె నవ్వుతూ.

"కాదు. ఒకాయన... ఎవరో ఒకాయన, నిన్న నువ్వు చూపించావే, అలాగే దూలాలు బిగించాడనుకో. అవి చీలాయనుకో. అప్పుడు పక్కన ఇంకో రెండు బోల్టులు..."

ఆమె కలం ఆపింది. నవ్వు కూడా ఆగింది.

"ఎక్కడండీ?"

"ఎక్కడని కాదు, మాటవరసకి..."

"మావయ్యగారూ. ఎక్కడ?"

"లైబ్రరీలో."

ఆమె వెంటనే లేచింది. "ఇప్పుడు పైన మనుషులున్నారా?"

ఆయన ఉన్నారన్నట్టు తలూపాడు. ఎవరు గీశారని గానీ, ఎందుకు గీశారని గానీ అడుగుతుందని పొద్దుటి నుంచీ జవాబులు వెతుక్కుంటున్నాడు. వాటిలో ఒక్కటీ పనికి రాలేదు.

"మీరు ఎప్పుడు చూశారు?"

"పొద్దున."

"పొద్దున చూసి ఇప్పుడా చెప్పడం?"

పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆ పిల్ల ఆయన మీద గొంతు ఎత్తడం అదే మొదటిసారి. చెప్పులు వేసుకుంటూ మళ్లీ అంది. "చీలిక చివరి దాకా పాకితే అది ఇంక ఒక దూలం కాదండీ. ఒకదాని మీద ఒకటి పడుకున్న రెండు పలకలు. బలం సగం. ఇవాళే కూలుతుందని నేను అనను. కూలదని కూడా అనలేను. మీరు మాత్రం ఎలా అనగలిగారు ఇంతసేపూ?"

ఆయన ఆమె వెనకే నడిచాడు. ఆటోలో ఆయన మోకాలు ఆడుతూనే ఉంది. సగం దారిలో ఆమె తన సంచీ ఆయన ఒళ్లో పెట్టి "పట్టుకోండి" అంది. ఏదో ఒకటి పట్టుకుంటే ఆయన కాస్త నిమ్మళిస్తాడని ఆమెకు ఇంట్లో అలవాటైన సంగతే.

లైబ్రరీలో ఆమె నిచ్చెనెక్కి, సంచీలోంచి ఒక గట్టి కాగితం ముక్క తీసి, పెద్ద చీలికలో పెట్టి నెట్టింది. కాగితం సగం లోపలికి వెళ్లిపోయింది. కింద నిలబడిన లైబ్రేరియన్ ముఖం అది చూడగానే మారిపోయింది.

"పొద్దున చిన్న రిపేరు అన్నారు!" అంది పెద్దబోల్టు వైపు తిరిగి.

"అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు ఆయన. "ఈ బెజ్జాలు వేయించింది నేనే. తప్పుగా వేయించాను. పైనున్నవాళ్లని దించండి."

లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరాక మొదటిసారి అనుకుంటా, హాలు అదిరేలా కేకేసింది. "అందరూ పుస్తకాలు మూసి బయటికి రండి! పరుగెత్తకండి. ఒక్కొక్కరే దిగండి!"

ఆ తర్వాత పని పనిలా సాగింది. కోడలు ముందు దూలాల కింద ఊతలు పెట్టించాలంది. పెద్దబోల్టు షాపుకు ఫోను చేస్తే, ఓనరుకు చెప్పకుండానే ఇద్దరు పనివాళ్లు నిలువెత్తు ఇనుప జాకీలు ఆటోలో వేసుకుని వచ్చారు. ఒక్కో దూలానికీ రెండేసి జాకీలు నిలబెట్టి, బరువు అందుకునేదాకా మాత్రమే మర తిప్పారు. "ఎక్కువ ఎత్తకండి, చీలిక ఇంకా తెరుచుకుంటుంది" అని ఆమె చెబుతుంటే ఆయనే ఒక్కొక్కటీ తిప్పాడు, పళ్లు బిగబట్టకుండా, వేళ్లతో. ఊతలన్నీ పడ్డాక పుస్తకాలు దించడం మొదలుపెట్టారు. బయటికి పంపినవాళ్లలో సగం మంది వెళ్లనేలేదు. మెట్ల మీద వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ నిఘంటువులు కిందికి అందించారు. పేపరు ముసలాయన బరువులు మోయలేనని చెప్పి, ఏ పుస్తకం ఏ బల్ల మీద పెట్టాలో అజమాయిషీ చేశాడు. ఎవరూ ఆయన్ను అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

చివరి అల్మరా ఖాళీ అవుతుండగా ఓనరు వచ్చాడు. కోపంగానే వచ్చాడు. హాలంతా బల్లల మీదా నేల మీదా పేర్చిన పుస్తకాల గుట్టలు, జాకీల అడవీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కోడలు చేతిలోని కాగితం మళ్లీ చీలికలోకి నెట్టి చూపించింది. అతను దాన్ని చూసి, దూలం కింద మనుషులు ఖాళీ చేసిన బల్లల వైపు చూసి, చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నాకు తలుపే గుర్తొచ్చింది" అన్నాడు మెల్లగా.

బాగుచేసే దారి వెతకడానికి మామా కోడళ్లు ఇంట్లో భోజనాల బల్ల మీద చాలా సాయంత్రాలు కూర్చున్నారు. మొదటిరోజు ఆయన గీసి తెచ్చినదాంట్లో అలవాటు చొప్పున రెండు బోల్టులు ఎక్కువున్నాయి. ఆమె కాగితం వైపు చూసింది. ఆయన రబ్బరు తీశాడు.

"దూలాన్ని బోల్టులకి వేలాడదీయకండి మావయ్యగారూ. కూర్చోనివ్వండి. కింద ఒక ఇనుప పీట వేస్తే?"

"చెవులకి కింద ప్లేటు వెల్డింగు చేస్తే అదే పీట."

"సరే. మరి ఆరితే పై భాగం కిందికి దిగుతుంది. అప్పుడు పై బోల్టు?"

ఆయన పెన్సిలు చివర కొరికాడు. లేచి గదిలో రెండుసార్లు తిరిగి వచ్చాడు. "ప్లేటులో గుండ్రటి బెజ్జం బదులు నిలువుగా కోల బెజ్జం వేస్తాను. చెక్కతో పాటు బోల్టూ కిందికి జారుతుంది. కింద ఒకటి, పైన ఒకటి. మిగతావి తీసేస్తాను."

"నాలుగు బోల్టుల చోట రెండు!" అంది భార్య, కూరలు తరుగుతూ అన్నీ వింటున్న మనిషి. "ఈ మాట షాపులో చెప్తే పేరు మార్చేస్తారండీ మీకు."

ఈసారి చెక్క దూలాలతో సహా డ్రాయింగు మొత్తం ఇంజనీరుకు పంపించారు. ఆయన రెండుచోట్ల మార్పులు చెప్పి సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసి పెద్దబోల్టుకు ఈసారి కంచంలో చెయ్యి గుర్తుకు రాలేదు. ఇంకో మనిషి కూడా చూశాడు కదా అనిపించింది. బాగా చీలిన దూలాలు తీసేసి ఆరిన కలపవి వేశారు. వెంట్రుకవాటు గీతలున్నవాటిని కింది నుంచి పైకి పొడుగాటి మరలు ఎక్కించి కట్టేశారు.

లైబ్రరీ కమిటీవాళ్లు పిలిస్తే ఓనరు వెళ్లి "మా మనిషే ముందుగా కనిపెట్టాడండీ, మా షాపు జాగ్రత్త అలాంటిది" అని మొదలుపెట్టాడు. పక్కన నిలబడ్డ పెద్దబోల్టు ఉండబట్టలేక "కనిపెట్టింది నేనే, పాడుచేసిందీ నేనే. మా కోడలు పాఠం చెప్పకపోతే ఇప్పటికీ నాకు తెలిసేది కాదు" అనేశాడు. బయటికొచ్చాక ఓనరు చాలారోజులు ఆయనతో పొడిపొడిగా మాట్లాడాడు. చెక్క కలిసిన పని ఏదొచ్చినా ముందు ఆయన బల్ల మీదికే పంపడం మాత్రం మానలేదు.

పరీక్షలొచ్చాయి. కలప ఆరితే అతుకుల్లో ఏం జరుగుతుందో వివరించమని ఒక ప్రశ్న వచ్చింది. పెద్దబోల్టు రాయడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. తడి, నార, కోల బెజ్జం, ఇనుప పీట, బొమ్మలు. అదనపు కాగితాలు అడిగి మరీ రాశాడు. గంట కొట్టేసరికి మిగతా ప్రశ్నలు చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ పేపరు పోయింది.

"ఆ ఒక్క జవాబుకీ నిండా మార్కులు వేశారట" అంది కోడలు, ఎలా ఓదార్చాలో తెలియక.

"ఒక్క కాలు బలంగా ఉంటే బల్ల నిలబడుతుందా అమ్మాయ్? వచ్చే టర్ములో మళ్లీ కూర్చుంటాను. నువ్వే కదా చెప్పేది?"

"నేనే."

"అయితే ఈసారి ముందు వరసలో చోటు ఉంచు."

గ్యాలరీ మళ్లీ తెరిచారు. పెద్దబోల్టు వారానికోసారైనా అక్కడికి వెళ్తాడు. దూలాల కింది బల్ల దగ్గర కూర్చుని, తల పైకెత్తి, ఒక చివర నుంచి ఇంకో చివరకు చూస్తాడు. మళ్లీ మొదటికి వస్తాడు. పక్కవాళ్లు కూడా తలలెత్తి ఏముందా అని వెతకడం, వాళ్లను చూసి ఇంకొందరు వెతకడం గమనించి ఒకరోజు లైబ్రేరియన్ దగ్గరికొచ్చింది.

"ఏవండీ, ఇక్కడ పైకప్పు చదవడం కుదరదు. అందరూ భయపడుతున్నారు. ఇది తీసుకోండి" అని ఏదో కథల పుస్తకం ఆయన చేతిలో పెట్టి వెళ్లింది.

ఆయన బుద్ధిమంతుడిలా పుస్తకం తెరిచాడు. మొదటి పేరా చదివాడు. బావుంది. రెండోది మొదలుపెట్టాడు. పైన ఎవరో కుర్చీ జరిపారు. ఆయన పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, లేచి నిలబడ్డాడు.